సందంతా వడియాలు

పెళ్లయి ఈ హిందీ ఊళ్లో మన తెలుగువాళ్లుండే బర్మామైన్స్ వచ్చాక ఈ రోజే మొదటిసారి ఒక్కదాన్నే నడిచి బజారుకు వెళ్లాను. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. నాకు తెలిసింది ఆవిడ తీసుకెళ్లే సందుల దారి ఒక్కటే. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. అందుకని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి వచ్చేయాలనుకున్నాను.

తీరా చూస్తే, గోడ పక్కన అడుగు చోటు వదిలి సందంతా పాత చీరలు పరిచారు. వాటి నిండా తడి వడియాలు. అరుగు మీద కర్రతో ఒక మామ్మగారు కాపలా.

"ఏటమ్మా, అలాగ నిలబడిపోనావు? చెప్పులు సేత్తో పట్టుకుని గోడవార ఎల్లిపో. వడియం తొక్కినావంటే ఊరుకోను!"

చెప్పులు చేత్తో పట్టుకుని సగం దూరం వెళ్లానో లేదో, మలుపులోంచి ఒక స్కూటర్ వచ్చింది. నడిపే ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. మామ్మగారేమో అటు తిరిగి కాకుల్ని తోలుతోంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే చెయ్యెత్తి, "రుకో! రుకో భయ్యా!" అని గట్టిగా అరిచేశాను.

ఆయన బ్రేకు వేసి, నా చేతిలో చెప్పులు చూసి దండం పెట్టేశాడు. "మారో మత్, దీదీ!" అన్నాడు, కొట్టొద్దక్కా అని.

మామ్మగారు పకపకా నవ్వింది. "ఓలమ్మో! మూగపిల్లవనుకున్నానే!"

వడియాలు దక్కాయి. కూరలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది.

"స్కూటరాయన్ని సెప్పుతో కొట్టినావంట కదే?"

కొట్టలేదని పొద్దుటి నుంచి చెబుతున్నాను. మా సందులో ఒక్కరూ నమ్మడం లేదు. మీరైనా నమ్ముతారా?