మూడు స్క్రూల బేస్ గిటార్

మా చిన్నాయన బేస్ గిటార్ వాయించేవాడు. చిత్తూరులో పెళ్ళిళ్ళకూ జాతరలకూ పాటకచ్చేరీలు చేసే ఒక ఆర్కెస్ట్రాలో ఆయన చోటు ఎప్పుడూ డ్రమ్స్ పక్కన, వెలుతురు సరిగ్గా పడని మూల. చప్పట్లన్నీ పాడేవాళ్ళకే. చిన్నాయన వైపు ఎవరూ చూసేవారు కాదు. కానీ ఆయన వేళ్ళు ఆగితే పాట ఒక్కసారిగా పలచబడిపోయేది. ఆ సంగతి జనానికి తెలియకపోయినా నాకు తెలుసు.

తొంభైల మొదట్లో నేను డిగ్రీ చదువుతూ వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. కచ్చేరీ ఉన్న రోజు మధ్యాహ్నం గిటారును పెట్టెలోంచి తీసి, మంచం మీద బోర్లా పడుకోబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచేవాణ్ణి. వెనకవైపు మెడ వచ్చి ఒంటిని కలిసే చోట ఒక ఇనుప బిళ్ళ ఉండేది. దాన్ని బిగించిన స్క్రూల చుట్టూ చెమటకు తుప్పు పట్టేది. దాన్ని గోటితో గీకేవాణ్ణి. నాలుగు తీగలు బిగించే నాలుగు బిరడాల్లో ఒకటి కార్వేటినగరం కచ్చేరీకి పోయినప్పుడు వ్యాను ఎక్కిస్తుంటే విరిగింది. అలాంటిది ఎక్కడా దొరక్క చిన్నాయన లేత్ షాపులో ఇత్తడితో ఒకటి చేయించాడు. మూడు తెల్లవి, ఒకటి పచ్చది.

"అరవై నాలుగు మోడలబ్బా ఇది," అనేవాడు చిన్నాయన, ఎవరైనా అడిగినా, అడక్కపోయినా. మద్రాసులో సినిమా పాటలకు వాయించే ఒక పెద్దాయన దగ్గర కొన్నాడట. "మెడ ఎనకాల సూడు, పాలిష్ ఎట్ల అరిగిపోయిందో. ఎంతమంది సేతులు పడినాయో దీని మింద!"

కొన్నాళ్ళకు ఆర్కెస్ట్రాలోకి కొత్త కీబోర్డు వచ్చింది. ఎడమచేత్తో నొక్కితే బేస్ కూడా అందులోనే పలికేది. ఆర్కెస్ట్రా నడిపే ఆయన మంచివాడే. మొహమాటపడుతూ మా ఇంటికే వచ్చి, "ఏమనుకోవద్దప్పా, వ్యానులో ఒక సీటు కలిసొస్తాది," అన్నాడు. చిన్నాయన ఆయనకు కాఫీ ఇప్పించి పంపాడు. ఆ ఏడాదే బెంగళూరు నుంచి ఎవరో వచ్చి గిటారు కొనుక్కుపోయారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మంచం కింద పెట్టె లేదు. పెట్టె ఉన్నంత మేర దుమ్ము లేని నేల కనిపించింది. చిన్నాయన పిన్నమ్మను తీసుకుని పలమనేరు దగ్గర ఆమె పుట్టింటి ఊరికి పోయి ఆవులు పెట్టుకున్నాడు. పాటల మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండు వేలు దాటాక నాకు తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఇంటర్నెట్‌లో పాత గిటార్లు అమ్మే పేజీలు చూసేవాణ్ణి. ఆ ఇత్తడి బిరడా ఎక్కడైనా కనిపిస్తుందేమోనని మొదలైన అలవాటు అది. అది కనిపించలేదు కానీ, చూసి చూసి నాకు ఇంకొకటి పట్టుబడింది. ఎంత పాతదైతే అంత ధర గనక, అమ్మేవాళ్ళు వేసే సంవత్సరాల్లో తప్పులు దొరికేవి. గిటారు తల మీద కంపెనీ పేరు రాసిన తీరు పదేళ్ళకోసారి మారింది. మెడ మీద చుక్కలు మారాయి. అందరూ ముందువైపు ఫొటోలే పెట్టేవాళ్ళు, నేను వెనకవైపు అడిగేవాణ్ణి. చిన్నాయన వాయించిన రకానికి అరవైల్లో మెడను నాలుగు స్క్రూలతో బిగించేవాళ్ళు. డెబ్బైల నడిమికి వచ్చాక మూడే. "అయ్యా, ఇది మీరనుకున్నంత పాతది కాదు" అని రాస్తే కొందరు థాంక్స్ చెప్పేవాళ్ళు, కొందరు తిట్టేవాళ్ళు.

ఒకరోజు అలాగే ఎవరికో జవాబు రాస్తూ ఆగిపోయాను. మంచం మీద బోర్లా పడుకున్న గిటారు గుర్తొచ్చింది. ఇనుప బిళ్ళ మీద గోరు తిరిగిన దారి గుర్తొచ్చింది. పైన రెండు, కింద ఒకటి. మూడే.

చిన్నాయనకు చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి?

తర్వాత ఒక వానాకాలం సాయంత్రం బెంగళూరు నుంచి ఎవరో పెట్టిన పేజీలో ఒక ఫొటో కనిపించింది. మూడు తెల్ల బిరడాలు, ఒక పచ్చది. కింద 'అరవై నాలుగు మోడల్' అని రాసి ఉంది. ఫోన్ తీసి పలమనేరుకు కలిపాను.

"యాడుండాది?" అన్నాడు చిన్నాయన. ఇంకేమీ అడగలేదు.

ఆదివారం నేను తిరుపతి నుంచి బెంగళూరుకు పోతూ పలమనేరులో ఆయన్ను బస్సెక్కించుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కచ్చేరీకి వస్తున్నట్టే వచ్చాడు. ముళబాగల్ దాటాక ఇంక దాచలేక చెప్పేశాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"అంటే ఆ పెద్దాయన నాకు అబద్ధం సెప్పినాడంటావా?"

"ఆయనకే తెలీదేమో చిన్నాయనా."

"మరి ఎప్పటిది?"

"డెబ్బై అయిదు తర్వాతిది."

కోలారు దగ్గర టీకి ఆపినప్పుడు గ్లాసు పట్టుకుని, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "నేను కొన్నప్పుడు మెడ మీద పాలిష్ చెదరకుండా ఉండె. ఇప్పుడు గ్యాపకం వస్తాండాది. అంటే ఆ అరిగిందంతా..." మాట పూర్తి చేయకుండా తన ఎడమ అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

బెంగళూరులో ఆ అమ్మే అబ్బాయి ఇంటికి చేరాం. కోలారు వైపువాడే, తెలుగు వచ్చు. పాత సామాను మీద ఇష్టంతో కొన్నాడట గానీ వాయించడం రాదు. గిటారు తెచ్చి చిన్నాయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని ముందు తిప్పి వెనక చూశాడు, మెడ మీద బొటనవేలు ఆనించాడు, అప్పుడు వాయించాడు. ఒకప్పుడు జాతరల్లో మొదటి పాటకు వాయించేదే. సగం దాకా బాగా వచ్చింది. ఆ తర్వాత ఉంగరం వేలు తీగ దాకా సాగలేదు. పాలు పిండీ పిండీ బిగుసుకుపోయిన వేళ్ళు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ అక్కడే తప్పింది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

"బాబూ, ఇది అరవై నాలుగుది కాదు," అన్నాడు గిటారు తిరిగి ఇస్తూ. "ఆ మాట నాదే. నా దగ్గర కొన్నోడు నీకు సెప్పింటాడు. డెబ్బైల్లోది."

ఆ అబ్బాయి మొహం వాడిపోయింది. "మీరు మళ్ళీ కొనుక్కుంటారా అంకుల్?" అన్నాడు.

నేను ఔననబోయాను. చిన్నాయన నా మోచేయి పట్టుకున్నాడు. "వద్దు. వాయించేవోళ్ళకి ఇయ్యి."

తిరుగు బస్సులో నేను గొడవపడ్డాను. నేను కొంటానన్నాను, ఇంట్లో ఉంటే చాలు కదా అన్నాను. "ఉంటే రోజూ సూడాల గదరా," అన్నాడు. పలమనేరులో దిగి, చీకటి పడకముందే పాలు పిండాలని గబగబా నడిచిపోయాడు.

రెండు వారాల తర్వాత ఆ పేజీలో రాత మారింది. డెబ్బైల చివరిదనీ, చిత్తూరు ఆర్కెస్ట్రాలో ఒకే మనిషి ఏళ్ళ తరబడి వాయించాడనీ రాశాడు ఆ అబ్బాయి. ఫోన్ చేసి చదివి వినిపించాను. అవతల ఆవు మెడలో గంట మోగుతూ ఉంది.

"పేరు రాసినాడా?" అన్నాడు చివరికి.

"లేదు చిన్నాయనా."

"పోనీలే," అన్నాడు.

కొన్నాళ్ళకు ఆ పేజీ తీసేశారు. ఎవరు కొన్నారో తెలియలేదు. ఆ అబ్బాయికి రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. పాత గిటార్ల పేజీలు చూడటం మాత్రం నేను మానలేదు. చిన్నాయన కూడా ఫోన్‌లో ఆవులూ వానలూ అన్నీ మాట్లాడాక, పెట్టేసే ముందు అడుగుతాడు. "ఏమన్నా కనపడిందా?"