అంకె లేనిదే పేరు పలకని మాస్టారు

హైరం మాస్టారికి ఒక్కటే జబ్బు. పక్కన ఒక అంకె లేకుండా ఏ కుర్రాడి పేరూ ఆయన నోట వచ్చేది కాదు. బడిలో భూగోళం పాఠాలు మానేశాక బేస్‌బాల్ మైదానంలో ఆటగాళ్ళ పేర్లు ప్రకటించే మైకు పట్టుకున్నాడు. నెబ్రాస్కా గాలికి రేకుల కప్పులు ఎగిరాయి గానీ, ఆ మైకు మాత్రం ఆయన చేతిలోంచి కదల్లేదు.

బాగా కొట్టే కుర్రాళ్ళతో పేచీ లేదు. వాళ్ళ సగటులు పత్రికలోనే వస్తాయి. చిక్కంతా మిగతావాళ్ళతో. "ఇప్పుడు బ్యాటింగుకి గ్రోవర్. ఉత్తరపు గాలి వీచే మంగళవారాల్లో జట్టు మొత్తానికీ ఇతనే మొదటివాడు" అనేవాడు. దేంట్లో మొదటివాడో చెప్పేవాడు కాదు. జనం మాత్రం చప్పట్లు కొట్టేవారు.

కొత్తగా వచ్చిన కోచ్ క్రూస్‌కి ఇది మింగుడుపడలేదు. ఇది జట్టు ఆట, ఎవడి లెక్క వాడు చూసుకుంటే మునిగినట్టేనని పిల్లలకు నూరిపోసేవాడు. ఒకరోజు మైకు గదికెక్కి, ఇకమీదట పేర్లు మాత్రమే చదవమన్నాడు. మాస్టారు తలూపాడు. తాను నెగ్గాడో లేదో క్రూస్‌కి అర్థం కాలేదు.

సీజన్ చివరి ఆట. ఓడితే ఇంటికే. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు, పరుగు తీయడానికి బేసుల మీద ఇద్దరున్నారు. మైకులో "లైల్" అని మాత్రం వినబడింది. ఏడాదంతా ఒక్క హిట్టూ కొట్టని లైల్ బ్యాటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"వెళ్ళవేంరా?" అన్నాడు క్రూస్.

"మాస్టారు ఇంకా ఏమీ చెప్పలేదు కోచ్."

"నీ గురించి చెప్పడానికేముందిరా?"

"నాకూ తెలీదు. ఆయన చెబితేనే తెలుస్తుంది."

క్రూస్ అయోమయంగా పైన మైకు గదికేసి చూశాడు. మాస్టారు 'నీ హుకుమేగా' అన్నట్టు రెండు చేతులూ చాచాడు. రోజూ ప్రాక్టీసులో కంచె పక్కన పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, ఆ ముసలాయన గొప్ప ఆటగాళ్ళకేసి కన్నెత్తి చూడక మిగతావాళ్ళనే గమనించడం క్రూస్‌కి అప్పుడు గుర్తొచ్చింది. చెప్పమని చెయ్యి ఊపాడు.

"లైల్ హ్యావ్‌లిక్. అవుటయ్యే బంతిని పక్కకు తోసేసి బతికిపోవడంలో జట్టులో ఇతనిదే ఒకటో స్థానం."

లైల్ వెళ్ళి తోశాడు, మళ్ళీ తోశాడు. బంతి విసిరేవాడు అలిసిపోయి తన భుజం పట్టుకున్నాక గానీ లైల్ అవుటవలేదు. తర్వాత వచ్చినవాడు మొదటి బంతికే కొట్టాడు. బేసుల మీదున్న ఇద్దరూ ఇంటి బేసు చేరి రెండు పరుగులు తెచ్చారు. ఆట గెలిచారు.

గెలిపించింది కొట్టినవాడి సగటా, లైల్ తోపుడా అన్నది క్రూస్‌కి ఎంతకీ తేలలేదు. మైకు గదికెక్కాడు.

"మాస్టారూ, ఆ అంకెలన్నీ నిజమేనా?"

"అన్నీ నిజమే. కొన్ని కష్టపడి వెతకాలంతే."

క్రూస్ కాసేపు నసిగాడు. "మరి నాకేమైనా ఉందా?"

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇంకా వెతుకుతున్నాను కోచ్ గారూ. దొరక్కపోదు."