నఫీసా ఆపిన ఇంజను

బందరులో పాత పడవ ఇంజను బాగుచేసేవాళ్లెవరని గిలకలదిండి రేవులో అడిగితే హిదాయతుల్లా మేస్త్రి పేరే చెబుతారు. ఆయన కూతురు నఫీసా పేరు చెప్పరు. పని ఎవరు చేస్తారో తెలియక కాదు, నోటికి మేస్త్రి పేరు అలవాటైపోయింది. నఫీసా కూడా పట్టించుకోదు. పేరుతో ఏ ఇంజనూ స్టార్టు కాదని ఆవిడ లెక్క.

నఫీసాకి ముప్ఫై తొమ్మిదేళ్లు. భర్త జావేద్ చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి మెరుగు పెడతాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన వేళ్లు పచ్చగా మెరుస్తుంటాయి, ఈవిడవి మసిబొగ్గులా ఉంటాయి. ఇద్దరిలో ఎవరి చేయి ముందు సబ్బు అందుకోవాలన్నది వాళ్లింట్లో రోజూ తెగని తగువు.

తండ్రీకూతుళ్లు పనిచేసే రిపేరు షెడ్డుకి వచ్చేవన్నీ పడవ వెనక చెక్కకి తగిలించి, తాడు లాగి స్టార్టు చేసే పాతకాలం ఇంజన్లు. కొత్తవాటిని కంపెనీవాళ్లు చూసుకుంటారు, పాతవాటికి మనిషి కావాలి. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లు పట్టించాలి. పెట్రోల్లో ఆయిలు కొలిచి కలపాలి, కంటికొలత పనికిరాదు. ప్లగ్గులు తీసి తుడవాలి. ఇంతే, ఇంత చేస్తే ఇంజను ముప్ఫై ఏళ్లు నోరెత్తదు. ఎవరూ చెయ్యరు. "చేస్తే మనకి అన్నం ఎక్కడిది?" అని నవ్వేస్తుంది నఫీసా. కానీ తుప్పు పట్టిన ప్లగ్గు కనిపిస్తే మాత్రం తెచ్చినవాడిని నిలబెట్టి దులిపేస్తుంది.

రిపేరైన ఇంజనుని నీళ్లు నింపిన డ్రమ్ముకి తగిలించి నడపడం ఆ షెడ్డు పద్ధతి. హిదాయతుల్లా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఓ టీ తాగేంతసేపు వింటాడు. తర్వాత తల ఊపుతాడు. ఆ తల ఊపు చూశాకే రేవువాళ్లు ఇంజను భుజానికెత్తుకుంటారు.

అసలు సంగతి, ఆయనకి రెండేళ్లుగా వినపడదు. నలభై ఏళ్ల ఇంజన్ల రొద ఎడమ చెవిని పూర్తిగా, కుడి చెవిని ముప్పాతిక వంతు తినేసింది. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. డ్రమ్ము దగ్గర నఫీసా ఆయన వెనక నిలబడుతుంది. శబ్దం బాగుంటే భుజం మీద చెయ్యి వేస్తుంది, ఆయన తల ఊపుతాడు. బాగోకపోతే చెయ్యి పడదు. ఈ ఏర్పాటు తండ్రీకూతుళ్లు ఎప్పుడూ మాటల్లో అనుకోలేదు, దానంతట అది కుదిరింది.

ఈ యేడు జూన్‌లో, వేట నిషేధం ముగిసే రోజు, నాగాయలంక నుంచి నాంచారయ్య మినీ వ్యాన్‌లో తన ఇంజను వేసుకొచ్చాడు. చల్లపల్లిలో టైరు పంక్చరై ఆలస్యమైందట, దిగుతూనే తొందర మొదలెట్టాడు. తెల్లవారగానే అల్లుణ్ణీ తమ్ముణ్ణీ ఎక్కించుకుని కృష్ణ కడలిలో కలిసే మొగ దాటి సముద్రం మీదికి వెళ్లాలి. రెండు నెలలుగా వేట లేదు. పాత స్నేహితుడని హిదాయతుల్లా కార్బ్యురేటరు తనే విప్పి కడిగి బిగించాడు.

డ్రమ్ములో ఇంజను ఒక్క లాగుడుకే అందుకుంది. హిదాయతుల్లా ముఖం వెలిగిపోయింది. గేరు వేసి స్టూలు మీద కూర్చున్నాడు, నఫీసా ఎప్పట్లానే వెనక నిలబడింది. ఆ మోత అడుగున నఫీసాకి ఇంకో శబ్దం వినపడింది. రోట్లో బియ్యంతోపాటు ఇసుక పడితే వచ్చే గరగర. ఆవిడ చెయ్యి కదపలేదు. అయినా హిదాయతుల్లా తల ఊపేశాడు.

తన చేత్తో బాగుచేసిన ఇంజను కదా, ఆగలేకపోయాడు. నాంచారయ్య లేచి వ్యాను డ్రైవరుని కేకేశాడు.

ఇప్పుడు కాదంటే మేస్త్రికి చెవుడని సాయంత్రం బస్సుకే దివిసీమంతా తెలుస్తుంది. అవునంటే ఇంజను ఆగిపోయి ముగ్గురు మనుషులు మొగ దగ్గర గాలికి కొట్టుకుపోతారు. ఆలోచించడానికి ఏమీ లేదు. నఫీసా ముందుకెళ్లి ఇంజను ఆపేసింది. తండ్రి వింటుండగా ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ చెయ్యని పని అది.

"అదేంటమ్మాయ్, ఆపేశావ్?" అన్నాడు నాంచారయ్య.

"ఇది ఇలా ఇవ్వను మావయ్యా. గేరు అరుస్తోంది."

"సాయిబు గారు తల ఊపారు కదమ్మా!"

వాళ్ల ముఖాలు చూసి హిదాయతుల్లాకి విషయం అర్థమైంది. ఆయన ముఖం కందిపోయింది. "నేను సరేనన్న ఇంజను ఇంతవరకూ నీళ్లమీద ఆగలేదు" అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.

నఫీసా ఆయన ఎదురుగా వచ్చి, పెదాలు కనిపించేలా నిదానంగా అంది: "అవునబ్బాజాన్. ఇదీ ఆగకూడదు. అడుగున స్క్రూ తీస్తాను. గేరు ఆయిలు తేనెలా వస్తే తప్పు నాది. రేపట్నించి స్పానరు ముట్టుకోను."

"ఎందుకమ్మా అంతలేసి మాటలు" అంటూనే నాంచారయ్య వంగి చూశాడు.

స్క్రూ ఊడింది. వచ్చింది తేనె కాదు, పాలు కలిపిన టీ. అందులో ఇనప రజను మిలమిలలాడుతోంది. గేరులోకి నీళ్లు దూరాయి.

నఫీసా నీళ్లను తోసే ఫ్యాను ఊడదీసింది. దాని వెనక ఇరుసుకి నైలాను దారం బిగుసుకుపోయి, నీళ్లని ఆపే సీలుని కోసేసి ఉంది.

"వల చుట్టుకుందా మావయ్యా?"

"ఆఖరి వేటలో చుట్టుకుందమ్మా. కోసి పారేశాగా!"

"పైన కనిపించింది కోశావు. కిందది ఎవరు చూస్తారు?"

నాంచారయ్య వ్యానువాణ్ణి టీ తాగి రమ్మని పంపించాడు.

సీలు, బేరింగు మార్చడానికి రెండున్నర గంటలు పట్టింది. అంతసేపూ తండ్రి ముఖం చూడాలంటే నఫీసాకి భయం వేసింది. ఎంత పాడైన ఇంజనుని చూసినా వెయ్యని భయం. కాసేపటికి ఆయన తనే వచ్చి పక్కన కూర్చుని, గేరు చక్రాలు పెట్రోల్లో కడిగి ఒక్కొక్కటే అందించాడు.

పొద్దు వాలేసరికి ఇంజను మళ్లీ డ్రమ్ములో నడిచింది. ఈసారి గేరు వేస్తే మోత ఒక్కటే, అడుగున ఏమీ లేదు. నాంచారయ్య అలవాటుగా పెద్దాయన వంక చూశాడు. హిదాయతుల్లా స్టూలు దగ్గరికి వెళ్లలేదు.

"నన్ను చూడకు నాంచారయ్యా. నాకు వినపడక రెండేళ్లయింది. ఇన్నాళ్లూ విన్నది మా నఫీసా. నేను ఉత్తినే తల ఊపాను" అన్నాడు.

నాంచారయ్య తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "అది మాకు తెలీదనుకున్నారా సాయిబు గారూ? పోయినేడు మీ వెనకాల నిలబడి నాలుగుసార్లు పిలిచాను, పలకలేదు. రేవులో అందరికీ తెలుసు. అమ్మాయి చెవిని నమ్ముకునే వస్తున్నామండీ ఇన్నాళ్లూ. ఇందాక మీరు తల ఊపితే అమ్మాయి సరేనందనే అనుకున్నా. మీరు బాధపడతారని ఎవరూ నోరెత్తలేదు."

ఇంజను మోతలో హిదాయతుల్లాకి అందులో ఒక్క ముక్కా వినపడలేదు. ఏమన్నాడన్నట్టు కూతురి వైపు తిరిగాడు. నఫీసా ఇంజను ఆపి, ఆయన ఎదురుగా నిలబడి, తన పొగడ్త తనే చెప్పుకోవాల్సి వచ్చిందని సిగ్గుపడుతూనే, ఒక్క మాట వదలకుండా మొత్తం చెప్పింది.