పరీక్షలో ఏది రాయమంటారు?

రిటైరైన కొత్తలో నాగాయలంక నుంచి బస్సులో బందరు వెళ్తున్నాను. మోపిదేవిలో నలభై ఏళ్ళావిడ ఎక్కి, అవతలి సీట్లో కూర్చుని రాజనీతి శాస్త్రం పుస్తకం తెరిచింది. ఇంటి దగ్గరుండి బి.ఏ. చదువుతోందట. ఆ మధ్యాహ్నమే బందరులో పరీక్షట. నేను మండలాఫీసులో పనిచేశానని తెలిసి నావైపు తిరిగింది.

"బాబాయిగారూ, గ్రామసభకి సర్పంచే అధ్యక్షత వహించాలని ఇందులో ఉందండి. మా ఊళ్ళో సర్పంచ్ గారి భర్త వహిస్తారు. పరీక్షలో ఏది రాయమంటారు?"

"పుస్తకంలో ఉన్నదే రాయమ్మా, మార్కులు దానికే" అని నవ్వాను.

"మరి సోమవారం సభలో ఏం చెయ్యమంటారు? ఆ సర్పంచ్‌ని నేనేనండి. కుర్చీలో నేను కూర్చుంటానంటే, నీకెందుకే ఆ గోల, సంతకం పెట్టు చాలు అంటున్నారు మా ఆయన."

ముప్పై ఏళ్ళు పంచాయతీ ఫైళ్ళే చూసిన నేను బందరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు, "పరీక్ష బాగా రాయమ్మా" అన్నాను.

"దాని జవాబు తెలుసు కదండీ" అంటూ దిగి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను. ఆడవాళ్ళకి రిజర్వేషన్ వచ్చాక నేను తిరిగిన ఊళ్ళలో నాలుగింటికి ఆడవాళ్ళే సర్పంచులు. ఆ నాలుగు ఊళ్ళ పేజీల్లోనూ "సర్పంచ్ గారితో మాట్లాడాను" అని నా దస్తూరీలోనే ఉంది. ఎంత ఆలోచించినా ఒక్కావిడ ముఖమూ గుర్తు రాలేదు. మరి నేను మాట్లాడింది ఎవరితో?

ఒక పేజీలో మాత్రం, లోపలి నుంచి కాఫీ పంపించారనీ, చాలా బాగుందనీ రాసుకున్నాను.