మామగారు పారేసిన కుండీ

మామగారికి ఉన్న జబ్బు ఒక్కటే. వీధిలో ఎవరు ఆకు పారేసినా అది తన కోసమే పారేశారనుకుంటారు. ఏ వాకిట్లో చీపురు చప్పుడైనా కాఫీ గ్లాసు అలాగే వదిలేసి, భుజాన గోనెసంచీతో బయలుదేరతారు. ఊడ్చే మనిషి చేట ఎత్తేలోగా సంచీ మూతి తెరిచి నిలబడతారు. ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయన అంత వేళకి ఎక్కడికీ చేరిన దాఖలా లేదని కోడలు తన భర్త ద్వారా తెలుసుకుంది.

ఉద్యోగమంటే, రైల్వే స్టేషనులో ప్రయాణికులు మరిచిపోయిన సామాను భద్రపరిచే గది. అక్కడ ఆయన గొడుగులకీ, టిఫిన్ డబ్బాలకీ, ఒకసారి ఎవరిదో పళ్ళసెట్టుకీ కాపలా కాశారు. కాసి కాసి ఆయనకో సిద్ధాంతం ఏర్పడింది: లోకంలో ఎవరూ ఏదీ పారెయ్యరు, మరిచిపోతారంతే. కాలేజీలో తర్కం పాఠం చెప్పే కోడలికి ఈ సిద్ధాంతంతో ఒకే కప్పు కింద కాపురం.

"చదువుకున్నవారు, వీధిలో పారేసినవి ఇంటికి మోసుకొస్తే నలుగురూ ఏమనుకుంటారు మామయ్యా? చెత్తకుండీ పక్కన పెట్టి వెళ్ళారంటే పారేసినట్టే కదా."

"గొడుగు కూడా బెంచీ పక్కన పెట్టే వెళ్ళేవారమ్మా."

ఆ రోజు నుంచి కోడలు తర్కాన్ని కాలేజీలోనే వదిలి రావడం మొదలుపెట్టింది.

ఫలితంగా మెట్లమీద డాక్టరుగారు మరిచిపోయిన మనీప్లాంటు, బాల్కనీలో ప్లీడరుగారు మరిచిపోయిన కలబంద. స్నానాలగదిలో చల్లదనం కోసం ఒక ఫెర్ను మొక్క మకాం వేసింది. స్నానానికి వెళ్ళేవాళ్ళు ముందు దాన్ని ఒప్పించాలి. పెరట్లో ఎరువు కోసం పోసిన ఎండుటాకుల గుట్ట ఎంత ఎదిగిందంటే, పక్కింటి పిల్లి దానిమీద కూర్చుని రెండిళ్ళ వంటగదుల్నీ పర్యవేక్షిస్తుంది. ప్రకృతి ప్రేమ మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ఒకాయన మామగారిని ఆకాశానికెత్తుదామని వచ్చి, గుట్ట వాసనకి ముక్కు మూసుకుని, ప్రకృతిని గేటు బయట నుంచే ప్రేమించి వెళ్ళిపోయాడు.

ఎదురింటి టైలరమ్మ మామగారికి ఆకుల కలెక్టరని పేరు పెట్టింది. మిషను తొక్కుతూనే, కలెక్టరుగారు క్యాంపుకి బయలుదేరారని వీధికంతటికీ చాటుతుంది.

ఆ టైలరమ్మ కూతురు తల్లికి ఇష్టంలేని ఉద్యోగంలో చేరి వేరే ఊరు వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే, ఆ పిల్ల నీలం రంగు పూసి పెంచుకున్న గులాబీ కుండీని తల్లి చెత్తకుండీ పక్కన దబ్బున పెట్టి, ఇక ఆ పిల్లా వద్దు, దాని ముళ్ళూ వద్దని వీధంతా వినేలా ప్రకటించింది. ఆవిడ తలుపు వేసుకునేలోగా కలెక్టరుగారు కుండీని జప్తు చేసేశారు.

"ఇది కూడా మరిచిపోయిందేనా?" అంది కోడలు.

"కోపంలో మతిమరుపు ఎక్కువమ్మా."

నెలలు గడిచాయి. ఆదివారం వస్తున్నానని కూతురు తల్లికి కబురు పెట్టింది. అప్పట్నుంచీ టైలరమ్మకి పొద్దస్తమానం వీళ్ళింట్లోనే పని. ఉప్పు అడగడానికి వచ్చి మెట్లమీది గులాబీని చూసింది. ఉప్పు తిరిగివ్వడానికి వచ్చి మళ్ళీ చూసింది. "అన్నయ్యగారూ, ఆ నీలం కుండీ..." అని మొదలుపెట్టి, "మెట్లకి అడ్డం కాదూ?" అని ముగించింది. కూతురు రాగానే ముందు వెతికేది ఆ కుండీనే. కానీ వీధి మొత్తం ముందు వద్దన్నదాన్ని ఇప్పుడు ఇమ్మనడానికి ఆవిడకి నోరు పెగల్లేదు.

శనివారం సాయంత్రం కాలేజీ నుంచి వస్తున్న కోడలు చెత్తకుండీ దగ్గర ఆగిపోయింది. పక్కనే నీలం కుండీ, విరగబూసిన గులాబీతో సహా. మామగారు ఒక మొక్కని బయట పెట్టడం ఆ ఇంటి చరిత్రలో లేదు. పీడా పోయిందని సంతోషించాల్సిన మనిషి, పాపం ఆయన మరిచిపోయి ఉంటారనుకుని చంకనెత్తుకుని లోపలికి తెచ్చేసింది. ఆ మాట ఆమె బుర్రలోకి ఎలా దూరిందో తర్కానికే తెలియాలి.

మామగారు కుర్చీలోంచి లేచారు. "చదువుకున్నదానివి, వీధిలో పారేసినవి ఇంటికి మోసుకొస్తే నలుగురూ ఏమనుకుంటారమ్మా?"

"అయితే మీరే పారేశారా?"

"పారెయ్యడమేంటి? మరిచిపోయాను. వెళ్ళి అక్కడే పెట్టిరా. ఆవిడ ఇందాకట్నుంచీ వీధి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కిటికీలోంచి చూస్తోంది. అడగలేనివాళ్ళకి దొరకాలి కదా."

కోడలు కుండీని మళ్ళీ అక్కడే మరిచిపోయి వచ్చి, తలుపు చాటున నిలబడింది. టైలరమ్మ అటూ ఇటూ చూసి, కుండీని కొంగు కింద దాచుకుని ఒక్క పరుగు తీసింది. కొంగు పైన గులాబీ కొమ్మలు మూరెడు ఎత్తున ఊగుతూనే ఉన్నాయి. వీధి ఖాళీగానే ఉంది గానీ మేడలు ఖాళీగా లేవు. ఎప్పుడూ ఊరుకోని ఆ మేడలు ఆ ఒక్కసారీ ఊరుకున్నాయి.

సోమవారం పొద్దున వీళ్ళ గేటు ముందు ఎండుటాకుల సంచీ ఒకటి వెలిసింది. పుల్లా పుడకా ఏరేసిన శుభ్రమైన ఆకులు. సంచీ మూతికి నీట్‌గా మిషను కుట్టు.

ఎదురింట్లో మిషను ఆగింది. "కలెక్టరుగారూ, మీ గేటు దగ్గర ఎవరో ఏదో మరిచిపోయినట్టున్నారు."

మామగారు కాఫీ గ్లాసు వదిలేసి లేచేసరికి, సంచీ అప్పటికే కోడలి చంకలో ఉంది.