హెడ్‌ఫోన్లల్ల బాయి

ఆదిలాబాద్ బస్సు మందమర్రిల ఆగి ఉంది. ఒక ముసలాయన ఎక్కి నా పక్కన కూసున్నడు. అలసటతోటి కండ్లు మూతలు పడుతున్నా, నేను సప్పుళ్లను మార్చే ప్రోగ్రాం తయారు చేసుకుంట, ల్యాప్‌టాప్ తెరమీది డబ్బాల బొమ్మలను తీగల్లాంటి గీతలతోటి కలుపుతున్న. ఒక మూతబడ్డ బొగ్గుబాయిల చప్పట్లు కొట్టి, ఆ ప్రతిధ్వనిని రికార్డు చేసుకొచ్చిన. ఇప్పుడు మైకుల ఏ సప్పుడు పడ్డా, అప్పటికప్పుడు ఆ బాయిలనే మోగినట్టు వినిపిస్తది.

"ఏంది బిడ్డా గది?" అన్నడు. చెప్పే ఓపిక లేక హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టిన. ఆయన మైకు పక్కన సీటు కడ్డీని వేలితోటి రెండుసార్లు కొట్టి విన్నడు.

"పైకప్పు డొల్లగుంది. కూలుతదో లేదో ముప్పయ్యేండ్లు బాయి పైకప్పులను కట్టెతోటి కొట్టుకుంట విన్న. గా బాయిల ఎవ్వలనూ నిలబడనియ్యకు."

బాయి అని నేను చెప్పనే లేదు.

రికార్డింగు బాగ రాలేదని, తెల్లారి మళ్ల అండ్లకు దిగాల్సి ఉండె. దిగలే.