బండి సల్లబడేదాక

మా చిన్నప్పుడు... మడికొండ దాటిందంటే చాలు, మా అంబాసిడర్ వేడెక్కేది. బాపు దాన్ని రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపి, బానెట్ ఎత్తి, ఇంజను చల్లబడేదాకా కదిలేది లేదనేవాడు.

వరంగల్‌లో మాది బట్టల దుకాణం. దుకాణం బందున్న రోజు అందరం ధర్మసాగర్‌లో మేనత్త ఇంటికి బయల్దేరేవాళ్లం. ముందు సీటు బల్లలా ఒకటే పొడుగు... బాపు, నానమ్మ, ఇద్దరి మధ్య తమ్ముడు. వెనక అమ్మ, నేను, చెల్లెలు, కాళ్ల దగ్గర గిన్నెల మూట, నీళ్ల డబ్బా. అద్దాలు దించితే దుమ్ము, ఎత్తితే ఉక్క. గేరు మార్చినప్పుడల్లా కారంతా ఒకసారి మూలిగేది.

కారు ఆగగానే నానమ్మ ముందు సీట్లోంచి దిగకుండానే బండినీ, దాన్ని కొన్న బాపునూ కలిపి తిట్టిపోసేది. బాపు కిక్కురుమనేవాడు కాదు. మేం బానెట్ దగ్గరికి పోతే మాత్రం చేతులు కాలుతాయని అదిలించేవాడు.

అమ్మ చెట్టు కింద చాప పరుచుకుని, కాళ్లు బారజాపి కూర్చునేది. మాకది పెద్ద వింత... ఇంట్లో అమ్మ కూర్చోగా మేం చూసిందే లేదు. పొయ్యి, బోళ్లు, వచ్చేపోయే చుట్టాలు... పైగా అత్త ముందు కోడలు కూర్చోవడం మా ఇంట్లో లేదు.

ఇప్పుడు నాది కొత్త కారు. బటన్ నొక్కితే చప్పుడు లేకుండా స్టార్టవుతుంది. బెల్టు పెట్టుకోకపోతే కుయ్యోమంటుంది, టైర్లో గాలి తగ్గినా తెర మీద చెప్పేస్తుంది. వేడెక్కడమన్న మాటే లేదు.

పొద్దున పిల్లల బడి, మడికొండలో ఆఫీసు, సాయంత్రం ట్యూషన్లు, కూరగాయలు, మళ్లీ వంట... ఈ కారు అలసిపోదు. నేనే అలసిపోతున్నాను. అలసిపోయానని ఎవరికైనా చెప్పడానికి కూడా ఓపిక ఉండడం లేదు.

బాపు పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మొన్న ఆమెను మేనత్త ఇంటికి తీసుకెళ్తున్నాను. మడికొండ దాటి అపార్ట్‌మెంట్లు అయిపోయిన చోట, జర బండి ఆపమంది. ఈ కారు వేడెక్కదమ్మా, ఆలస్యమవుతుంది అన్నాను.

"ఆ బండి గూడ ఎప్పుడన్న ఒక్కసారి వేడెక్కేది బిడ్డా. మీ బాపు ఉత్తగనే ఆపేటోడు. ఇంట్ల మీ నానమ్మ ముంగట నన్ను జర కూసోమనుడు ఆయనకు చాత కాకపోయేది."

బండి పక్కకు తీసి ఆపాను. నానమ్మతో అన్ని తిట్లు పడ్డది అందుకా బాపు... ఒక్కనాడూ బయటపడలేదే.

అమ్మ నా వైపు చూసి మెల్లగా అంది. "నీ మొకం అద్దంల జూస్కున్నవా? దిగు. జరసేపు కూసో."

చింతచెట్టు ఇప్పుడు లేదు. ప్లాట్ల వెంచర్ వాళ్లు కట్టిన పిట్టగోడ మీద ఇద్దరం కూర్చున్నాం. ఫోను మోగుతూనే ఉంది, తీయలేదు. ఎందుకో ఏడుపొచ్చింది... అమ్మ నా వీపు మీద చెయ్యేసి అలాగే ఉంది.

ఇప్పటి కార్లలో అన్నీ ఉన్నాయి... ఆగడానికి ఒక సాకు తప్ప.

మీ అమ్మ ఏ పనీ లేకుండా ఊరికే కూర్చోగా మీరెప్పుడైనా చూశారా... ఎక్కడ?